తెల్లబల్ల మీద పసుపు దీపం

చిన్నబాబుగారికి నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది రాసినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. పదకొండోది మోకాలి ఆపరేషనయ్యాక, కుర్చీలో కాలు చాపుకుని, పలక మీద కాగితం పెట్టుకుని రాశాను. మొదట్లో కార్డు మీద రాసేవాణ్ణి. కార్డయితే దారిలో నలుగురూ చదువుతారు, సిగ్గుపడైనా జవాబిస్తారనుకున్నాను. తర్వాత, నలుగురూ చదివారనే కోపమొచ్చిందేమోనని కవర్లో పెట్టాను. ఆపైన రిజిస్టరు చేశాను. అందినట్టు సంతకం పెట్టిన రసీదులు నా దగ్గరున్నాయి. కనక ఉత్తరాలు అందాయి. అందడమే కాదు, చదివారు కూడా. చదివారనడానికి రుజువు ఈ కాగితాల్లోనే ముందు ముందు వస్తుంది. పలాసలో నన్ను చూసి "అదిగో ఉత్తరాల మాస్టారు" అని నవ్వుకునేవాళ్ళున్నారు. మా ఆవిడ కూడా, ఇంకెన్నాళ్ళు ఈ గోల అంటుంది. జవాబు వచ్చిన రోజుతో సరి అని చెప్పాను.

పోయిన నెలలో ఒక సంగతి జరగకపోతే పన్నెండోది మామూలు ఉత్తరంగానే రాసేవాణ్ణి. మా వీధిలో రేవతి అనే కంచిలి పిల్ల అద్దెకుంటోంది. డిప్లొమా చదివింది. జీడిపప్పు ఏరే యంత్రాలు బిగించే పని. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "తాతా, రేపు సిన్నబాబుగారి ఫ్యాక్ట్రీలో కొత్త మెసిను స్టార్టు సేత్తన్నాం. నువ్వు సైన్సు మాస్టారువి కదా, రా, సూద్దువు గాని" అంది. ఆ గేటు దాటి నేను లోపలికి వెళ్ళి యాభై ఏళ్ళు దాటింది. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే వాళ్ళకే సుఖమని గుర్తొచ్చి వెళ్ళాను.

యంత్రం నా కంటే ఒక మూర ఎత్తుంది. పైన పోసిన పప్పు ఏటవాలు పలక మీదుగా జారి, విడివిడిగా కింద పడుతుంది. పడే దారికి రెండు పక్కలా తెల్లటి దీపాలు, రెండు పక్కలా కెమెరాలు. గింజ ఆ వెలుగులో రెప్పపాటు కూడా ఉండదు. ఆ లోపలే కెమెరా, గింజ మీద పడి తిరిగొచ్చిన వెలుగులో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని విడదీసి అంకెలు వేసుకుంటుంది. నీలం అంకె పడిపోయిందంటే గింజ పసుపెక్కిందన్నమాట. అలాంటి గింజ కనపడగానే సన్నటి గొట్టంలోంచి ఫట్ మని గాలి కొట్టి దాన్నొక్కదాన్నే పక్క తొట్టిలోకి తోస్తుంది. చూస్తూ నిలబడితే పొద్దు తెలియదు. నాకు యంత్రాల మీద కోపం లేదు, ఆ మాట ముందే చెప్పాలి.

కెమెరాకి ఎదురుగా అరచేతి వెడల్పున ఒక తెల్ల పలక ముందుకొచ్చి, కాసేపుండి, వెనక్కి వెళ్ళిపోయింది. "ఇదేటమ్మా?" అని అడిగాను.

"అదా? అదే దీనికి బడి, తాతా" అంది రేవతి. "పప్పు పొయ్యకముందు ఈ పలకని సూపిత్తాం. తెలుపంటే ఇదీ అని నేర్సుకుంతాది. మజ్జిమజ్జిలో కూడా సూసుకుంతాది. దీపం డల్లయిపోయినా, అద్దం మీద దుమ్మడిపోయినా, పలక తేడాగా కనపడతాది కదా, దాన్నిబట్టి లెక్క సరిసేసుకుంతాది. ఆ తరవాతే పప్పుని సూత్తాది."

నా చొక్కా జేబులో ఒక పింగాణీ పెంకుంది. అగ్గిపెట్టె కంటే కొంచెం చిన్నది. ఒక సాసరు పగిలినప్పుడు దాని అడుగులోంచి ఊడిన ముక్క. అంచులు బండమీద అరగదీసి గుండ్రం చేశారు. అది మా అమ్మది. నేను జేబు మీద చెయ్యి వేసుకుని అలా నిలబడిపోయాను. తాతకి ఒంట్లో బాగులేదనుకుని రేవతి స్టూలు తెచ్చింది.

మా అమ్మ పేరు మార్తమ్మ. మా నాన్న రైల్వేలో గ్యాంగుమన్‌గా చేస్తూ నా చిన్నప్పుడే పోయాడు. కాశీబుగ్గ వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు మాది. పొద్దున్నే లేచేసరికి ఊరంతా జీడిపిక్కలు కాల్చే పొగ. ఆ పొగ తీపిగా మొదలై గొంతులో కారంగా దిగుతుంది. బయటూరి చుట్టాలు దగ్గుతుంటే మాకు ఎందుకు దగ్గుతున్నారో తెలిసేది కాదు. అమ్మ చీకటుండగానే లేచి అన్నం వండేసేది, కానీ పసుపు ముట్టుకునేది కాదు. కూరలో పసుపు వెయ్యాలంటే నన్ను లేపేది. "ఒరే, లేరా, పసుపెయ్యి" అనేది. తోటివాళ్ళ ఇళ్ళలో అమ్మలు పిల్లల్ని చదువుకోమని లేపితే, నన్ను పసుపు వెయ్యమని లేపేవారు. అమ్మ తెల్లబల్ల మనిషి మరి. గోటికి పసుపంటితే గింజకంటుతుంది.

తెల్లబల్లంటే ఏమిటో చెప్పాలి. పిక్క కొట్టి, పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు ఒలిచాక, ఆఖర్న రంగును బట్టి ఏరేవారు. పాలలాంటి గుండ్లు, అంటే విరగని గింజలు, ఒక పక్క, మీగడ రంగువి ఒక పక్క, మాడినవి ఇంకో పక్క. పాలరంగువే విదేశాలకెళ్ళేవి. వాటిని ఏరే బల్లకి తెల్లబల్లని పేరు. ఫ్యాక్టరీ అంతటికీ ఎనిమిదిమంది ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చునేవారు, వాళ్ళకి పెద్ద మా అమ్మ. ఆ బల్ల ఉత్తరపు వరండాలో ఉండేది. ఎండ నేరుగా పడదు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుగు ఒక్కతీరుగా ఉంటుంది. ఆ ఎనిమిదిమందిలో ఎవరూ ఎర్రచీర కట్టేవారు కాదు. చీర ఎరుపు గింజమీద పడి గింజ గులాబీరంగుగా కనిపిస్తుందని. కొత్తగా పెళ్ళయిన పిల్లలు కూడా పనిలోకి తెల్లచీర కట్టుకునే వచ్చేవారు. వాళ్ళ అత్తగార్లు అరిచి గోల చేస్తే, "నీ కోడలి పసుపు కుంకాలకేటీ అవదులే పిన్నీ, గింజ సెడతాదని" అని అమ్మే వెళ్ళి సర్దిచెప్పేది. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదివి చేసింది కాదు. వెలుగు దేన్ని తాకితే దాని రంగు పుచ్చుకుని వస్తుందని వాళ్ళకు కళ్ళతో తెలుసు.

కూర్చోగానే అమ్మ చేసే మొదటి పని, నడుం దగ్గర దోపుకున్న పెంకు తీసి బల్లమీద పెట్టుకుని దానివైపు కాసేపు చూడటం. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు కన్ను కడుక్కోవడం. మిగతా ఏడుగురూ ఆ పెంకువైపే చూసి కన్ను కడుక్కునేవారు. గంటకోసారి మళ్ళీ. "మాడింది ఎక్కువసేపు సూస్తే, మీగడది కూడా తెల్లగా అవుపిత్తాదిరా. కన్ను మోసం సేత్తాది. పెంకు మోసం సెయ్యదు" అనేది. ఆవిడ ఏరిన డబ్బాలు ఓడెక్కడానికి కలకత్తా వెళ్ళి, బాగులేవని ఏనాడూ తిరిగి రాలేదు.

అలాంటి రోజుల్లో చిన్నబాబుగారు వాల్తేరులో చదువు ముగించుకుని వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్ళ నాన్నగారిది. చిన్నబాబుగారికి నాకంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. నున్నగా దువ్విన తల, నల్లద్దాల కళ్ళజోడు. వస్తూనే, వరండాలో కూర్చుని ఆడవాళ్ళు పప్పు తినేస్తున్నారని కనిపెట్టారు. తెల్లబల్లని లోపలి గదిలోకి మార్పించారు. గదికి ఒకటే తలుపు. కిటికీ లేదు. పైనుంచి రెండు పెద్ద బల్బులు బల్లమీదికి దిగేలా వేలాడదీశారు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కొంగులు దులిపించేవారు. లోపలికి ఏ వస్తువూ తీసుకెళ్ళకూడదన్నారు. పెంకు గేటు దగ్గర పెట్టెలో పడేసి వెళ్ళాల్సొచ్చింది.

పెట్టెలో పడకముందు, మొదటిరోజు, పెంకు ఒక్కసారి లోపలికి వెళ్ళింది. అమ్మ బల్లమీద పెట్టి చూసింది. చూసి బయటికొచ్చి, "సిన్నబాబూ, దీపం పసుపుగా ఉంది. నా పెంకే మీగడ రంగులో అవుపిత్తంది. ఈ దీపం కింద ఏరనేం" అని చెప్పింది. ఆ మాట ఆవిడ చెప్పింది, విన్నవాళ్ళు ఏడుగురున్నారు. నేను గుర్తుపెట్టుకోమనేది ఇదే. తప్పు జరగకముందే ఆవిడ చెప్పింది.

ఆయన నవ్వారట. "దీపం పసుపుగా ఉండటమేంటి మార్తమ్మా? నీకు కామెర్లొచ్చుంటాయి, ఆస్పత్రిలో చూపించుకో."

అందరూ నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు, యజమాని నవ్వితే నవ్వాలి కాబట్టి. మర్నాటినుంచి మా అమ్మకి కామెర్ల మార్తమ్మ అని పేరొచ్చింది. కాశీబుగ్గ బజారులో ఉప్పుకొట్టువాడు కూడా ఆ పేరుతోనే పిలిచాడు. వాడి కొట్టుకి నేను ఆ తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు. ఉప్పు కోసం మందస వెళ్ళొచ్చిన రోజులున్నాయి.

రెండు నెలలకి కలకత్తా నుంచి డబ్బాలు తిరిగొచ్చాయి. తెల్లవాటిలో మీగడ గుండ్లు కలిసిపోయాయని. డబ్బాలు ఆఫీసు గది కిటికీ దగ్గర విప్పి చూశారు. అక్కడ పగటి వెలుగుంది. నిజమే, కలిసిపోయాయి. అమ్మ వెంట వెళ్ళిన నా కంటికే పగటి వెలుగులో తెలిసిపోయింది. ఏరింది పసుపు దీపం కింద, చూసింది పగటి వెలుగులో. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. "నీ కళ్ళు పోయాయి మార్తమ్మా" అన్నారు చిన్నబాబుగారు. ఇక పిక్కలు కొట్టే షెడ్డులోకి పొమ్మన్నారు.

అప్పుడు నేను టెక్కలి హైస్కూల్లో సైన్సు గది అటెండర్ని. పొద్దున్నే పలాసలో బస్సెక్కితే గంట కొట్టే వేళకి అందుకునేవాణ్ణి. గాజు సామాను కడగడం, అలమారా తాళాలు, ప్రయోగాలకి బల్ల సర్దడం నా పని. సూరి మాస్టారు మంచి మనిషి. పిల్లలకి ఏ ప్రయోగం చూపించాలన్నా ముందురోజు నాకే చేసి చూపించేవారు. వాటిలో నాకు బాగా నచ్చింది నూనెచుక్కతో వెలుగు కొలవడం. మందపాటి తెల్లకాగితం మధ్యలో కొబ్బరినూనె చుక్క వెయ్యాలి. కాగితాన్ని నిలబెట్టి అటొక దీపం, ఇటొక దీపం పెట్టాలి. మన వైపు వెలుగెక్కువైతే చుక్క నల్లగా కనిపిస్తుంది. అవతల ఎక్కువైతే మెరుస్తుంది. రెండూ సమానమైన చోట చుక్క మాయమైపోతుంది. అప్పుడు దూరాలు కొలిస్తే, ఏ దీపం ఎంతో లెక్క తేలుతుంది. ఉద్దానం కొబ్బరినూనె ఒక్క చుక్క చాలు, వెలుగుని తూకం వెయ్యడానికి. అంతకంటే అందమైన తక్కెడ నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ కాగితం, స్టాండు, మీటరు బద్ద సంచీలో పెట్టుకుని నేను చిన్నబాబుగారి దగ్గరికి వెళ్ళాను. "మా అమ్మ కళ్ళు సరిగ్గానే ఉన్నాయండి. దీపంలో వెలుగు తక్కువ. నేను కొలిచి చూపిస్తాను. తక్కువని తేలితే ఆవిణ్ణి తెల్లబల్ల దగ్గరే ఉంచాలి" అన్నాను.

"తేలకపోతే?" అన్నారాయన.

"తేలకపోతే మీ ఇష్టం" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ముసురు పట్టిన రోజు. గది గుమ్మంలో కాగితం నిలబెట్టాను. ఒక మొహం వరండా వైపు, ఒక మొహం బల్బు వైపు. బల్లకి బల్బెంత దూరమో అంతే దూరంలో బల్బుని పట్టుకోమని మేస్త్రీకిచ్చాను. పని ఆపేసి అందరూ చుట్టూ చేరారు. అమ్మ చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది. నేను వంగి చూశాను. చుక్క పలచబడింది. ఇంకా పలచబడింది. దాదాపు పోయింది.

"పోయిందా?" అన్నారు చిన్నబాబుగారు నా భుజం మీదుగా వంగి. "పోయిందిరా! వెలుగు సమానం. వీడి చుక్కే చెప్పింది. ఇప్పుడేమంటావు?"

"పూర్తిగా పోలేదండీ" అన్నాను. "చూడండి, ఇంకా ఉంది. ఈ పక్కనుంచి చూస్తే నారింజరంగు మచ్చ, ఆ పక్కనుంచి చూస్తే నీలంగా..."

"చుక్క ఉంటే కొంచెం ఉండదేటి? నూనె కదా!" అని మేస్త్రీ బల్బు కిందికి దించేశాడు. నవ్వులు. నేను చెప్తూనే ఉన్నాను. నా ముందునుంచి ఒక్కొక్కరూ కదిలి పనిలోకి పోయారు. మర్నాడు మా అమ్మ షెడ్డులో కూర్చుంది. మా అమ్మని తెల్లబల్ల దగ్గర్నించి లేపింది చిన్నబాబుగారే, కాని ఆయన చేతికి ఆయుధం ఇచ్చింది నేను. ఈ మాట పదకొండు ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే నా తప్పు నేను ఒప్పుకుంటే గాని ఎదుటివాణ్ణి అడిగే హక్కు నాకుండదు.

సూరి మాస్టారికి జరిగింది చెప్పాను. ఆయన నూనెచుక్క కాగితం చేతిలోకి తీసుకున్నారు. "చుక్క పూర్తిగా పోలేదంటే నీ కొలత తప్పు కాదురా. నువ్వడిగిన ప్రశ్న తప్పు. ఎంత వెలుగని అడిగావు. ఎలాంటి వెలుగని అడగాలి. ముసురు రోజుల్లో కూడా మీ అమ్మ వరండాలో సరిగ్గానే ఏరేది కదా?" అన్నారు. అంతే. నెత్తిన మొట్టికాయ వేసినట్టయింది. కొదవ వెలుగుకి కాదు, అందులోని నీలానికి. బల్బు వెలుగులో నీలం తక్కువ, పసుపు ఎక్కువ. పసుపు వెలుగు కింద మీగడ గింజా పాలగింజా కవల పిల్లల్లా ఉంటాయి.

అదే మాట ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. ఆవిడ పెరట్లో బట్టలు జాడిస్తోంది. అప్పటికే వేళ్ళ చివర్లు నల్లబడుతున్నాయి. పిక్క పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం, బూడిద పట్టించుకున్నా ఆగదు. నా మాట విని తలెత్తకుండానే, "దానికేటుందిరా? సీర పసుపెక్కితే నీలి పెట్టమేటి? దీపానికీ నీలి పెట్టు" అంది.

నేను ఆవిడ పక్కనున్న నీలిమందు పొట్లం తీసి జేబులో వేసుకున్నాను.

మా మావయ్యది ఉద్దానంలో చిన్న జీడితోట. అక్కడినుంచి పిక్కలు తెచ్చి, ఇంట్లోనే కాల్చి, కొట్టి, ఒలిచాం. కొన్ని కావాలనే మాడ్చాం. ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మా నేనూ టెక్కలి బస్సెక్కాం. అమ్మ ప్రార్థనకి కట్టుకున్న తెల్లచీరతోనే వచ్చింది. సూరి మాస్టారు స్కూలు తెరిపించి, సైన్సు గది కిటికీలకు దుప్పట్లు కట్టించారు. ముందు ఉత్త బల్బు కింద అమ్మ గుప్పెడు గింజలు ఏరింది. దుప్పటి తొలగించి చూస్తే తెల్లకుప్పలో బోలెడు మీగడవి. "సూసినావా, నాను సెప్పనేదా" అంది, ఓడిపోయినందుకు సంతోషంగా. తర్వాత బల్బు చుట్టూ అట్ట కట్టి, ముందు గుండ్రటి గాజుకుప్పె పెట్టాం. కుప్పెలో నీలిమందు కలిపిన నీళ్ళు. నీలి అడుక్కి దిగిపోతుంటే నేను గాజుకడ్డీతో కలుపుతూ నిలబడ్డాను. నీళ్ళు సగానికి సగం వెలుగు తాగేశాయి. "దగ్గరికి జరుపు. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలు" అన్నారు మాస్టారు. జరిపాం. కిటికీ ఒకటి కొంచెం తెరిచి, నూనెచుక్క కాగితం మధ్యలో పెట్టాం. చుక్క పలచబడి, పలచబడి, పోయింది. ఈసారి రెండు పక్కలనుంచీ పోయింది. కాగితం మీద ఏ మచ్చా లేదు.

మళ్ళీ కిటికీ మూసి, అమ్మ పెంకు ముందు పెట్టుకుని కన్ను కడుక్కుంది. ఏరింది. దుప్పట్లు తీసేశాం. తెల్లకుప్పలో రెండే రెండు మీగడ గింజలు దొరికాయి. మాస్టారు అవి రెండూ తీసి నోట్లో వేసుకుని, "ఇక తప్పులేవీ లేవు మార్తమ్మగారూ" అన్నారు. మా అమ్మని గారూ అన్న మొదటి మనిషి ఆయనే. తిరిగొచ్చేటప్పుడు దారిలో బస్సు చెడిపోతే, ఆ గంటసేపూ ఆవిడ పెంకుని ఆకాశం వైపు పెట్టి చూసుకుంటూనే ఉంది.

ఆ రాత్రే మొదటి కార్డు రాశాను. తర్వాత బొమ్మ వేసి, నీలి ఎంత కలపాలో, బల్బు ఎంత కిందికి దించాలో రాసి రెండోది పంపాను. నీళ్ళకుప్పె కుదరకపోతే బల్బుకే పలచగా నీలం పూయొచ్చని మూడోది. నెల తిరిగేసరికి అమ్మతో తెల్లబల్ల దగ్గర పనిచేసిన సింహాలమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఓలప్పా మార్తమ్మా! బల్బులకి నీలం పూసినారే! కిందికి దించినారు కూడా. ఇప్పుడు గింజ గింజా తెలుత్తంది. నిన్ను పిలిపిత్తారే, సూడు!" అంది. ఉత్తరాలు చదివారనడానికి నా రుజువిదే.

అమ్మ మర్నాడు తెల్లచీర ఉతికి, గంజిపెట్టి, నడుం దగ్గర పెంకు దోపుకుని వెళ్ళింది. పిలిపిస్తారని ఎదురుచూడలేదు. గదివైపు నడిచింది. చిన్నబాబుగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "ఇటెక్కడికి? నీ చోటు షెడ్డులో కదా" అన్నారు. "దీపం బాగుసేసినారంట కదా బాబూ" అంది అమ్మ. "దీపం బాగైతే నీ కళ్ళు బాగవుతాయా?" అన్నారాయన. ఎనిమిదో మనిషి చోట్లో అప్పటికే ఇంకొకావిడ కూర్చుని ఉంది. అమ్మ వెనక్కి తిరిగి, తెల్లచీరతోనే వెళ్ళి షెడ్డులో కూర్చుని పిక్కలు కొట్టింది. సాయంత్రానికి ఆ చీర మీద పడ్డ నల్ల మరకలు ఏ నీలికీ పోలేదు. నేను గొడవకి బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఒగ్గేయరా. గింజ బాగుపడింది కదా" అంది. నేను వదల్లేదు. ఆవిడ మాట నేను విననిది అదొక్కటే.

పద్నాలుగేళ్ళు పిక్కలు కొట్టింది. ప్రార్థనలో రొట్టె అందుకునేటప్పుడు నల్లబడిన వేళ్ళు కనపడకుండా కొంగుమీద పట్టుకునేది. నేను రాత్రిళ్ళు చదివి, పరీక్షలు కట్టి, టెక్కలిలోనే సైన్సు మాస్టరునయ్యాక పని మాన్పించాను. కళ్ళు మాత్రం ఆఖరిదాకా మంచివే. పోయేముందు కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంది. కామెర్ల మార్తమ్మ అన్న పేరు కూడా ఆఖరిదాకా ఉంది.

ఇప్పుడు మళ్ళీ పోయిన నెలకొస్తాను, ఆ యంత్రం మొదలెట్టిన రోజు జరిగిన సభకి. యంత్రానికి కొబ్బరికాయ కొట్టాక చిన్నబాబుగారు మాట్లాడారు. జుట్టంతా తెల్లబడింది, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం అదే. "వెలుగు సంగతి మా ఫ్యాక్టరీకి కొత్త కాదు. ఆ రోజుల్లోనే నేను బల్బులకి నీలం పూయించి పప్పు ఏరించాను. జిల్లాలో మొదట ఆలోచించింది నేనే" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. "చిన్నబాబుగారూ, ఆ ఆలోచన ఎవరిదో చెప్పండి" అన్నాను. ఆయన నన్ను చూశారు. గుర్తుపట్టారు. ఆ విషయంలో నాకు సందేహం లేదు. మైకు దగ్గరున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "పెద్దలు మాస్టారుగారిని సన్మానించుకుందాం" అని నాకు శాలువా కప్పేశాడు. ముక్కుపొడుం రంగు శాలువా. దాన్ని మడిచి ఆ కుర్చీలోనే పెట్టి వచ్చాను.

జనం భోజనాలకి వెళ్ళాక రేవతి యంత్రం తుడుస్తోంది. పెంకు తీసి ఆ పిల్ల చేతికిచ్చాను. "దీన్ని నీ మెసినుకి చూపించమ్మా" అన్నాను. తన తెల్ల పలక ఉండే చోట పట్టుకుంది. తెరమీద మూడు అంకెలు వచ్చాయి. "నీలం ఒక పిసరు తగ్గింది తాతా. పాతది కదా. అయినా తెలుపే. దీన్ని పెట్టి కూడా నడిపించొచ్చు" అంది.

"ఒకవేళ దీపమే పసుపెక్కిపోతే? సరిచేసుకోలేనంత పాడైపోతే?" అని అడిగాను.

"అప్పుడు మెసిను పప్పుని సూడదు తాతా. ఆగిపోతాది. ముందు దీపం సూసుకోండి అని ఎర్రలైటు ఎలిగిత్తాది."

"పప్పు తప్పు ఏరిందని దాన్ని ఎవరూ తిట్టరా?"

రేవతి నవ్వింది. "మెసినునెవరు తిడతారు తాతా? లైటు సూత్తారు గాని."

చిన్నబాబుగారూ, ఇదే నా పన్నెండో ఉత్తరం. అచ్చులో వస్తోంది కనక అందలేదనడానికి వీల్లేదు. మీ ఫ్యాక్టరీలో ఇప్పుడొక యంత్రం ఉంది. దానికి తెల్ల పలక ఇచ్చారు. తప్పొస్తే ముందు దీపాన్ని అనుమానిస్తున్నారు. మా అమ్మ తన పలక తనే తెచ్చుకుంది, మీరు గేటు దగ్గర పెట్టెలో వేయించారు. దీపం పసుపుగా ఉందని తనే చెప్పింది, మీరు కామెర్లన్నారు. మందు కూడా తనే చెప్పింది, మీరు వాడుకున్నారు. నాకు శాలువాలొద్దు, చప్పట్లొద్దు. రెండు ప్రశ్నలున్నాయి. బల్బులకి నీలం పూసిన రోజు, తప్పు దీపానిదేనని మీకు తెలిసింది. తెలిసి కూడా ఆవిణ్ణి గుమ్మంలోంచి ఎందుకు వెనక్కి పంపారు? "మార్తమ్మ కళ్ళు మంచివి" అని మీ చేత్తో ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టడానికి ఇంకా ఎన్నాళ్ళు కావాలి? మనిద్దరికీ ఎక్కువ రోజుల్లేవు. నేనుండేది ఆ సందులోనే, ఆ ఇంట్లోనే. నా చిరునామా మీ దగ్గర పదకొండు చోట్ల ఉంది. జవాబు రాయండి.